గోడ కదిపితే గూడు కదులుతుంది

పాత ఢిల్లీ సందుల్లో నడిచేవారికి దుకాణాల బోర్డులు, తలపైన చిక్కుపడిన కరెంటు తీగలు, చేతిబండ్ల రద్దీ తప్ప వేరేమీ కంటపడవు. ఆ దుకాణాల అడుగున మరో అంతస్తు ఉండవచ్చునన్న సంగతి చాలామందికి తోచదు. షాజహాన్ చక్రవర్తి 17వ శతాబ్దంలో నిర్మించిన ఈ నగరంలో సంపన్నుల హవేలీలకు 'తహఖానా' పేరిట నేలమాళిగ ఉండేది. విసనకర్ర తప్ప మరో సాధనం లేని ఆ రోజుల్లో ఉత్తరాది వడగాడ్పులకు తాళలేని కుటుంబాలు మధ్యాహ్నం వేళ అందులోకి దిగి సేదతీరేవి. చుట్టూ మట్టి, పైన మందపాటి కప్పు, మధ్య లావాటి గోడలు ఉండటంతో ఎండ వేడి అక్కడికి చేరేది కాదు. బ్రిటిష్ అధికారులు సైతం ఈ పద్ధతిని అనుకరించారు. 19వ శతాబ్దంలో ఢిల్లీలో కంపెనీ ప్రతినిధిగా ఉన్న థామస్ మెట్‌కాఫ్ యమున ఒడ్డున కట్టించుకున్న భవనంలోనూ ఇటువంటి భూగృహాలు ఉండేవి.

ఇప్పుడు ఆ గదుల్లో సేదతీరేవారు అరుదు. కాగితపు కట్టలు, బట్టల మూటలు, ఇత్తడి సామాను, విద్యుత్ పరికరాల పెట్టెలు వాటిని ఆక్రమించాయి. కొన్ని దుకాణాలుగా మారాయి, మరికొన్నిటిలో చిన్న కార్ఖానాలు నడుస్తున్నాయి. ఆ మార్పు చేసే వేళ ఇరుకు వదిలించుకోవాలన్న ఆత్రంలో గోడకు ద్వారం తొలిచేవారున్నారు, అడ్డుగోడను పూర్తిగా తీసివేసేవారున్నారు, తల తగలకుండా నేలను మరి రెండడుగులు లోతుకు తవ్వేవారున్నారు. ఈ పనికి సాధారణంగా ఒక మేస్త్రీ, నలుగురు కూలీలు, వారం రోజుల గడువు చాలునని భావిస్తారు. పైన మూడంతస్తుల్లో కాపురాలుంటున్న వారికి కింద ఏం జరుగుతున్నదో తెలియదు. తెలిసినా ఎవరిని అడగాలో తెలియదు.

పాత ఇంట్లో గోడ అంటే గదికీ గదికీ మధ్య ఉండే అడ్డు మాత్రమే కాదు. ఇల్లంతా దానిమీదే నిలిచి ఉంటుంది. ఈ చిన్న సత్యాన్ని విస్మరించడమే దేశంలోని పాత నగరాల్లో పలు ప్రమాదాలకు మూలమవుతున్నది.

చోటు కరువు, అద్దె చవక

నేలమాళిగలపై ఇంతగా కన్నుపడటానికి కారణం ఆర్థికపరమైనది. పాత ఢిల్లీ నేటికీ ఉత్తర భారతానికి పెద్ద టోకు బజారు. ఖారీ బావ్లీలో సుగంధ ద్రవ్యాలు, చావ్డీ బజార్‌లో కాగితం, లోహ సామగ్రి, నయీ సడక్‌లో పుస్తకాలు, కినారీ బజార్‌లో జరీ అంచులు పెద్దఎత్తున చేతులు మారుతుంటాయి. వీధిమీది దుకాణం దొరకడం గగనం. దొరికినా సరుకు నిల్వకు చోటుండదు. ఇంటిని పక్కకు విస్తరించే వీలు లేదు, పైకి లేపితే పదిమంది కంటపడుతుంది. కిందికి దిగితే మాత్రం ఎవరికీ కనబడదు.

మరోవైపు ఆ ఇళ్లను బాగుచేసే నాథుడు కరువయ్యాడు. ఢిల్లీ అద్దెల నియంత్రణ చట్టం 1958లో వచ్చింది. నెలకు 3,500 రూపాయలకు మించిన అద్దెలను దాని పరిధి నుంచి తప్పిస్తూ 1988లో సవరణ చేశారు. అంతకు లోబడిన పాత అద్దెలు మాత్రం తరాల తరబడి దాదాపు అలాగే ఉండిపోయాయి. వాటి స్థానంలో తెచ్చిన 1995 నాటి చట్టానికి పార్లమెంటు ఆమోదం, రాష్ట్రపతి సమ్మతి లభించినా వర్తకుల ప్రతిఘటన మధ్య అది అమలుకు నోచుకోలేదు. తత్ఫలితంగా నామమాత్రపు అద్దె అందుకునే యజమాని మరమ్మతుకు పూనుకోడు, ఎప్పుడు ఖాళీ చేయవలసి వస్తుందోనని అద్దెదారు పెద్ద ఖర్చుకు సాహసించడు. ఇంటిపై హక్కు వారసుల మధ్య ముక్కలైన చోట పరిస్థితి మరింత జటిలం. పైకప్పు ఒకరిది, కింది కొట్టు మరొకరిది, నేలమాళిగ ఇంకొకరి స్వాధీనం. గోడ మాత్రం అందరికీ ఒక్కటే.

గోడ మోసే బరువెంత?

నేటి భవనాల్లో కాంక్రీటు స్తంభాలు, దూలాలు కలిసి ఒక చట్రంగా నిలుస్తాయి. వాటి నడుమ కట్టిన ఇటుక గోడ చాలావరకు అడ్డు కోసమే. దానిని తీసినా చట్రం నిలబడుతుంది. పాత ఇళ్లకు అటువంటి చట్రమే ఉండదు. కప్పు బరువు గోడకు, గోడ బరువు కింది గోడకు, చివరకు నేలమాళిగ గోడ ద్వారా పునాదికి, భూమికి చేరుతుంది. కొత్త భవనాల్లో పనిచేసిన అలవాటుతో పాత ఇంట్లో చేయివేసే మేస్త్రీ తరచూ పొరబడేది ఇక్కడే.

ఒక సాధారణ ఉదాహరణ తీసుకుంటే విషయం స్పష్టమవుతుంది. అడుగున్నర మందం, పదడుగుల ఎత్తు ఉన్న ఇటుక గోడ గజం పొడవుకు సుమారు 2.4 టన్నులు తూగుతుంది. పైన మూడంతస్తులుంటే గోడ బరువే ఏడు టన్నులు దాటుతుంది. రాతి పలకలు పరచి, వాటిమీద మట్టి, ఇటుక ముక్కలు, సున్నం దట్టించిన పాత కప్పు చదరపు అడుగుకు 50 కిలోల వరకు ఉంటుంది. గోడకు రెండువైపులా 13 అడుగుల గదులున్నాయనుకుంటే ఒక్కో కప్పు నుంచి గజం గోడకు దాదాపు రెండు టన్నుల భారం వస్తుంది. నేలమాళిగ పైకప్పుతో కలిపి నాలుగు కప్పులకు ఎనిమిది టన్నులు. మొత్తం మీద నేలమాళిగలోని ప్రతి గజం గోడ 15 టన్నుల బరువును మౌనంగా మోస్తున్నదన్నమాట. మనుషులు, సామాను ఈ లెక్కలో చేరలేదు.

ఆ గోడలో ఆరడుగుల వెడల్పున ద్వారం తెరిస్తే 30 టన్నుల బరువు కొత్త దారి వెతుక్కోవాలి. కట్టుబడి గట్టిగా ఉన్నప్పుడు ఇటుకలు వాటంతటవే కమానులా సర్దుకుని చాలాభాగం బరువును ద్వారానికి ఇరుపక్కలకూ మళ్లిస్తాయి. గోడకు కన్నం వేసిన మరుక్షణం ఇల్లు కూలకపోవడానికి కారణం అదే. 'చూశారా, ఏమీ కాలేదు' అన్న ధీమా కూడా అక్కడే పుడుతుంది. కానీ పక్కనున్న గోడ ముక్కలు అప్పటినుంచి తమ వంతుకు మించిన బరువును మోయడం మొదలుపెడతాయి. వాటి బలం చాలకపోతే ఆ సంగతి వారానికో, వర్షాకాలానికో, ఏళ్లకో బయటపడుతుంది.

పాత గోడల లోపలి నిర్మాణం ఈ ముప్పును పెంచుతున్నది. పాత ఢిల్లీలో విస్తారంగా వాడినది లఖోరీ అనే పలచని ఇటుక. దానిని సున్నం, సుర్ఖీ కలిపిన గారతో పేర్చేవారు. తెలుగునాట గానుగలో రుబ్బి వాడిన డంగు సున్నం వంటిదే ఆ గార. మంచి రోజుల్లో కట్టిన గోడ రాతిలా ఉంటుంది. అయితే లావాటి గోడలన్నీ లోపలిదాకా ఒకే తీరున ఉంటాయన్న హామీ లేదు. రెండు ముఖాలకు చక్కటి ఇటుక వరసలు పేర్చి, నడుమ ఇటుక ముక్కలు, మట్టి నింపిన గోడలు అనేకం. అటువంటి గోడను ఒకచోట తొలిస్తే లోపలి పూరకం ఇసుకలా జారుతుంది. రెండు ముఖాలూ దేనికది విడిపోయి బయటికి ఉబ్బుతాయి.

పక్కనుంచి మట్టి, లోపలినుంచి నీరు

మేడమీది గోడకూ నేలమాళిగ గోడకూ మరో ముఖ్యమైన తేడా ఉంది. మేడమీది గోడ పైనుంచి బరువు మోస్తే సరిపోతుంది. నేలమాళిగ వెలుపలి గోడ పక్కనుంచి తోసుకువచ్చే మట్టిని కూడా నిలువరించాలి. ఎనిమిదడుగుల లోతున్న నేలమాళిగలో గజం పొడవు గోడపై సాధారణ మట్టి తోపుడు రెండున్నర టన్నుల వరకు ఉంటుంది. ఆ మట్టి నీటితో నిండితే అదే తోపుడు నాలుగు టన్నుల దరిదాపులకు చేరుతుంది. పగిలిన మురుగు కాలువ, కారుతున్న మంచినీటి గొట్టం, వరద ఇవన్నీ గోడకు శత్రువులే.

ఈ తోపుడును గోడ ఒంటరిగా తట్టుకోదు. పైనున్న బరువు దానిని నొక్కిపట్టి నిలుపుతుంది. కప్పు దాని తలను, నేల దాని పాదాన్ని ఆపుతాయి. అడ్డుగోడలు మధ్యలో ఆసరాగా నిలుస్తాయి. కనుక నేలమాళిగలోని అడ్డుగోడ పైబరువు ఏమీ మోయకపోయినా నిరుపయోగం కాదు. దానిని తీసివేస్తే పొడవాటి వెలుపలి గోడ ఆసరా కోల్పోయి లోపలికి వంగవచ్చు. 'ఈ గోడమీద పైన గోడ లేదు, తీసివేయవచ్చు' అనే వాదన సగమే నిజం.

నేలను తవ్వి లోతు పెంచడం మరింత ప్రమాదకరం. పాత ఇళ్ల పునాదులు నేటి పునాదుల్లా లోతుగా ఉండవు. నేలమాళిగ గోడ అడుగుభాగం నేలకు అడుగు, అడుగున్నర కిందే ముగియవచ్చు. రెండడుగులు తవ్వితే పునాది కింద మట్టే బయటపడుతుంది. పదుల టన్నుల బరువు మోస్తున్న ఆ మట్టి పక్క ఆసరా పోవడంతో గోతిలోకి జారుతుంది. అంతేగాక గోడ ఎత్తు పెరిగే కొద్దీ దానిని వంచే బలం అనేక రెట్లు పెరుగుతుంది. ఆరడుగుల లోతును ఎనిమిదడుగులకు పెంచితే ఆ వంపు బలం రెండింతలకు మించుతుందని ఇంజనీరింగ్ సూత్రాలు చెబుతున్నాయి. పెరిగిన లోతు మూడోవంతు మాత్రమే!

చెమ్మను అరికట్టే పేరిట చేసే పని కూడా కొన్నిసార్లు చేటు తెస్తుంది. సున్నపు గోడకు గాలి పీల్చే గుణం ఉంటుంది. మట్టినుంచి ఎక్కిన చెమ్మ గోడ ముఖం మీదుగా ఆరిపోతుంది. దానిపై గట్టి సిమెంటు పూత పూసి, పలకలు అతికిస్తే చెమ్మ లోపలే బందీ అవుతుంది. నీటితోపాటు వచ్చిన లవణాలు ఇటుకను పిండిపిండి చేస్తాయి. పైకి గది మెరుస్తుంది, లోన గోడ క్షీణిస్తుంది. మెరుపు చాటున బీటలు కూడా కనబడవు.

నేర్వని పాఠాలు

కింది భాగాన్ని తాకితే పైభాగానికి ఏమవుతుందో దేశం పలుమార్లు చూసింది. ముంబయిలో డాక్‌యార్డ్ రోడ్డు సమీపాన 2013 సెప్టెంబర్ 27న నగరపాలక సంస్థ సిబ్బంది నివసించే ఐదంతస్తుల భవనం తెల్లవారుజామున కూలి 61 మంది మరణించారు. కింది అంతస్తులోని గిడ్డంగిలో అనుమతి లేకుండా చేసిన మార్పులే భవనాన్ని బలహీనపరచాయన్న ఆరోపణ దర్యాప్తులో ప్రధానాంశమైంది. అదే నగరంలోని ఘాట్కోపర్‌లో 2017 జులై 25న నాలుగంతస్తుల నివాస భవనం నేలమట్టమై 17 మంది ప్రాణాలు కోల్పోయారు. కింది అంతస్తులో ఆస్పత్రి నడిచిన భాగాన్ని మార్చే పనిలో ఆధార స్తంభాలను దెబ్బతీశారని నివాసులు ఆరోపించారు. ఈ రెండూ నేలమాళిగలు కావు. కాని కింద ఒకరు చేసిన మార్పునకు పైన నిద్రించేవారు బలికావడం రెంటిలోనూ వినవచ్చిన ఫిర్యాదే.

నేలమాళిగలో నిలిచిన నీరు ఏమి చేయగలదో తూర్పు ఢిల్లీలోని లక్ష్మీనగర్ చాటింది. 2010 నవంబర్ 15 రాత్రి లలితా పార్కులో బహుళ అంతస్తుల భవనం కుప్పకూలి దాదాపు 70 మంది మరణించారు. వారిలో అధికులు పొట్ట చేతబట్టుకుని వలస వచ్చిన కూలీలు, వారి కుటుంబీకులు. ఆ ఏడాది యమునకు వరద వచ్చాక భవనపు నేలమాళిగలో నీరు చేరి పునాదులు బలహీనపడ్డాయన్నది అప్పట్లో వెల్లడైన ప్రధాన కారణాల్లో ఒకటి. వరద తగ్గిన చాలాకాలానికి భవనం కూలడం గమనార్హం. నీరు పోయింది కనుక ముప్పు పోయిందనుకోవడం పొరపాటని అది తెలిపింది. 2023 జులైలో యమున 208.66 మీటర్లకు పెరిగి రికార్డు సృష్టించినప్పుడు వరద నీరు ఎర్రకోట గోడల దాకా వచ్చింది. పాత నగరంలోని నేలమాళిగలకు ఈ ప్రమాదం దూరమైనదేమీ కాదు.

భూకంపాల సంగతి వేరే చెప్పనక్కరలేదు. 2002 నాటి భూకంప మండలాల పటం ఢిల్లీని తీవ్ర ముప్పు గల నాలుగో మండలంలో చేర్చింది. 2025 ఫిబ్రవరి 17 తెల్లవారుజామున ధౌలాకువా ప్రాంతం కేంద్రంగా 4.0 తీవ్రతతో భూమి కంపించినప్పుడు నగరవాసులు వీధుల్లోకి పరుగుతీశారు. నేపాల్‌లో 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో వచ్చిన భూకంపంలో అత్యధికంగా కూలినవి మట్టి గారతో కట్టిన పాత ఇటుక, రాతి ఇళ్లే. బరువును మాత్రమే మోయడానికి కట్టిన గోడలు పక్కకు ఊగే కుదుపులకు తాళలేవు. అటువంటి గోడల్లో అడుగున ఉన్నదానిని ముందే బలహీనపరిస్తే ఫలితం ఊహించవచ్చు.

పొరుగువారి గోడ

పాత నగరాల్లో ఇంటికీ ఇంటికీ మధ్య ఖాళీ స్థలం ఉండదు. ఒకే గోడ రెండిళ్ల కప్పులను మోసే సందర్భాలు అనేకం. ఒకరు తమ నేలమాళిగను తవ్వితే పక్కింటి పునాది ఆసరా కోల్పోతుంది. పక్కింటికి నేలమాళిగే లేకపోతే ఆ ప్రమాదం మరీ ఎక్కువ. వారి పునాది తవ్విన గోతికంటే పైమట్టంలో ఉంటుంది.

ఈ సమస్యను చట్టం ఏనాడో గుర్తించింది. 1882 నాటి భారత సౌకర్య హక్కుల చట్టం ప్రకారం సహజ స్థితిలో ఉన్న భూమికి పక్కభూమి, అడుగుభూమి ఇచ్చే ఆసరా యజమానికి సహజ హక్కు. కట్టడం బరువు మోస్తున్న భూమికి మాత్రం ఆ సహజ హక్కు తనంతట వర్తించదు. అయితే పక్క స్థలం నుంచి 20 ఏళ్లపాటు నిరాటంకంగా, శాంతియుతంగా ఆసరా పొందిన కట్టడానికి ఆ హక్కు సంక్రమిస్తుంది. వందేళ్లు నిలిచిన ఇంటి యజమానికి ఈ వాదన బలమైన ఆయుధమే. అదే ఏడాది వచ్చిన ఆస్తి బదలాయింపు చట్టం అద్దెదారు కట్టడాన్ని కూల్చరాదని, పాడుచేయరాదని, యజమాని సమ్మతి లేకుండా శాశ్వత నిర్మాణం చేపట్టరాదని నిర్దేశించింది. ఇంటికి గణనీయమైన నష్టం కలిగించిన అద్దెదారును ఖాళీ చేయించేందుకు ఢిల్లీ అద్దెల చట్టం కూడా అవకాశమిస్తున్నది.

చట్టాలకు లోటు లేదు. కాని కోర్టు నుంచి ఉత్తర్వు వచ్చేనాటికి గోడ ఆగదు. అందుకే పని మొదలుపెట్టడానికి ముందే ఇరుగుపొరుగుల సమక్షంలో రెండిళ్ల గోడలను పరిశీలించి, అప్పటికే ఉన్న బీటలను ఫొటోలు తీసి తేదీ వేసి ఉంచుకోవడం ఉభయులకూ క్షేమకరం. తరువాత వచ్చే తగవులు చాలావరకు దానితోనే తీరుతాయి.

అనుమతి ఒకటి, వాడకం మరొకటి

ఢిల్లీ నగరపాలక చట్టం 1957లో వచ్చింది. శిథిలావస్థకు చేరిన కట్టడాలను ఖాళీ చేయించి కూల్చేందుకు, మరమ్మతు చేయించేందుకు అది కమిషనర్‌కు అధికారమిచ్చింది. ఏటా వర్షాకాలానికి ముందు సిబ్బంది పాత ఇళ్లను పరిశీలించి ప్రమాదకరమైన వాటిని గుర్తిస్తారు. అయితే ఆ పరిశీలన చాలావరకు వీధినుంచి కంటికి కనిపించే దానికే పరిమితం. తాళం వేసిన తలుపు వెనుక, నేలకు ఎనిమిదడుగుల కింద తొలగించిన గోడ వారి కంటికి ఎలా కనిపిస్తుంది?

2024 జులై 27 సాయంత్రం పశ్చిమ ఢిల్లీని ఆనుకుని ఉన్న ఓల్డ్ రాజేంద్రనగర్‌లో జరిగిన దుర్ఘటన ఈ లోపాన్ని దేశం కళ్లకు కట్టింది. ఒక శిక్షణ సంస్థ నేలమాళిగలో నడుపుతున్న గ్రంథాలయంలోకి వాననీరు దూసుకురావడంతో ముగ్గురు సివిల్స్ అభ్యర్థులు ప్రాణాలు కోల్పోయారు. ఆ నేలమాళిగకు వాహనాలు నిలుపుకోవడానికి, సామాను నిల్వకు మాత్రమే అనుమతి ఉన్నట్లు తేలింది. ఢిల్లీ హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది, సుప్రీంకోర్టు తనంతట తానుగా విషయాన్ని విచారణకు స్వీకరించింది. అధికారులు అనేక నేలమాళిగలకు సీళ్లు వేశారు. అక్కడ గోడ సమస్య కాదు. సామాను కోసం ఉద్దేశించిన చోటును మనుషుల కోసం మార్చినప్పుడు గాలి, వెలుతురు, బయటపడే రెండో దారి, నీరు తోడే ఏర్పాటు అన్నీ మారాలన్న స్పృహ లేకపోవడమే అసలు సమస్య. పాత ఇంట్లో ఆ రెండో దారి కోసమే గోడ తొలవవలసి వస్తుంది. కనుక ఈ రెండు ప్రశ్నలూ విడదీయరానివి.

పని సాధ్యమే, క్రమం తప్పకూడదు

ఇంతమాత్రాన పాత నేలమాళిగలను తాకనేకూడదని కాదు. సక్రమంగా చేస్తే వాటిని శతాబ్దం పాటు వాడుకోవచ్చు. మొదటి మెట్టు కట్టడాల ఇంజనీరును పిలిపించడం. ఆయన ముందు చూసేది నేలమాళిగను కాదు, మేడను. ఏ గోడమీద ఏ గోడ నిలిచింది, దూలాల కొనలు ఎటు ఆనాయి, రాతి పలకలు ఏ దిక్కుకు పరిచారు, కప్పు కమానుల మీద ఉందా అన్నవి పైనుంచి కిందికి గీసుకుంటూ వస్తేగాని ఏ గోడ ఏమి మోస్తున్నదో తేలదు. కమాను కప్పులున్న చోట మరింత జాగ్రత్త అవసరం. కమాను తన బరువును కిందికే కాక పక్కలకూ తోస్తుంది. ఒక వరుసలోని కమానులు ఒకదానినొకటి ఒరుసుకుని నిలుస్తాయి. చివరి గోడ కదిలితే వరుస మొత్తం వదులవుతుంది.

గోడ మందం, లోపలి కట్టుబడి, పునాది లోతు తెలుసుకోవడానికి ఒకటి రెండు చోట్ల చిన్న గోతులు, రంధ్రాలు తీసి చూడాలి. ద్వారం తప్పనిసరైతే ముందుగా పైబరువును తాత్కాలిక దూలాలు, ఇనుప ఆధారాల మీద నిలపాలి. ఆ తరువాతే గోడను కోయాలి. కొత్త ఇనుప దూలం కొనలు నేరుగా పాత ఇటుకపై ఆనకూడదు. బరువును పరచే కాంక్రీటు దిమ్మెలు కావాలి. సుత్తి దెబ్బలకు బదులు కోత యంత్రం వాడటం మేలు. అదరగొట్టే దెబ్బలు పాత గారను వదులు చేస్తాయి.

లోతు పెంచవలసి వస్తే పునాది కింద కొత్త పునాదిని ముక్కలుముక్కలుగా కట్టుకుంటూ పోవాలి. ఒక్కసారి మూడు, నాలుగు అడుగుల పొడవే తెరవాలి. అది గట్టిపడి, పాత పునాదికీ కొత్త దానికీ మధ్య సందును బిగుతుగా నింపిన తరువాతే మరో ముక్క. పక్కపక్క ముక్కలను ఒకేసారి తెరవడం నిషిద్ధం. ఈ పద్ధతి నెమ్మదైనది, ఖర్చుతో కూడినది. వారంలో ముగియాలనుకునే వ్యాపారికి ఇది రుచించదు. కాని దీనికి దగ్గరదారి లేదు. తవ్వకాలు, కూల్చివేతలు, పాత ఇళ్లను భూకంపాలకు తట్టుకునేలా పటిష్ఠపరచడం గురించి భారత ప్రమాణాల సంస్థ వేర్వేరు నియమావళులను ఏనాడో ప్రచురించింది. వాటిని తెరిచి చూసేవారే కావాలి.

ఇంట్లో ఉండేవారికీ కొన్ని గుర్తులు తెలిసి ఉండాలి. తలుపులు, కిటికీలు అకస్మాత్తుగా పట్టివేయడం, గోడపై మెట్లు మెట్లుగా ఏటవాలు బీట సాగడం, గోడ పొట్ట ఉబ్బడం, కప్పునుంచి సున్నం పొడి రాలడం మంచి సూచనలు కావు. బీటకు అడ్డంగా పలచని గాజు ముక్కను గారతో అతికించి తేదీ రాసి ఉంచితే అది పగిలిన రోజున బీట ఇంకా కదులుతున్నదని తెలుస్తుంది. పాత తరం ఇంజనీర్లు వాడిన ఈ చౌక ఉపాయం నేటికీ పనికి వస్తుంది. కింద గోడ పని జరుగుతుండగా ఇటువంటి గుర్తులు కనిపిస్తే వెంటనే పని ఆపించి, పైవారిని బయటికి పంపి, ఇంజనీరుకు, నగరపాలక అధికారులకు తెలపాలి. వాదోపవాదాలకు అది సమయం కాదు.

తెలుగు పట్టణాల్లోనూ

'సెల్లార్' అన్న మాట తెలుగు పట్టణాలకు బాగా పరిచితమైనది. అపార్టుమెంట్ల అడుగున వాహనాలు నిలిపే చోటుకు ఆ పేరు స్థిరపడింది. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్ 7న జారీ అయిన 168వ నంబరు జీవో సెల్లార్లను ప్రధానంగా వాహనాలకే కేటాయించింది. అయినా హైదరాబాద్ వంటి నగరాల్లో సెల్లార్లు గిడ్డంగులుగా, దుకాణాలుగా మారడం, అధికారులు నోటీసులివ్వడం పరిపాటి. ఇవి కాంక్రీటు చట్రం గల కొత్త భవనాలు గనుక గోడ తీసినా ఫరవాలేదన్న భావన కొందరిలో ఉంది. మట్టిని ఆపే వెలుపలి గోడకు, చట్రాన్ని నిలిపే స్తంభానికి ఆ సడలింపు వర్తించదు. ఇక హైదరాబాద్ పాతబస్తీలోనూ, కోస్తా పట్టణాల పాత వీధుల్లోనూ డంగు సున్నంతో కట్టిన మిద్దెలకు ఢిల్లీ హవేలీలకు వర్తించే సూత్రాలే వర్తిస్తాయి. కింది గదులను దుకాణాలుగా మార్చేందుకు వీధి గోడను మొత్తంగా తెరిచి షట్టర్లు బిగించే చోట ఇదే ప్రశ్న ఎదురవుతుంది: ఆ గోడ మోసిన బరువును ఇక ఎవరు మోయాలి?

ఇంజనీరుకు ఇచ్చే రుసుము మొత్తం పని ఖర్చులో చిన్న భాగం. దానిని మిగుల్చుకుంటే కలిసివచ్చే సొమ్ము అద్దెదారుకో, యజమానికో దక్కుతుంది. లెక్క తప్పితే మూల్యం చెల్లించేది మాత్రం పై అంతస్తులో నిద్రిస్తున్న కుటుంబం. పని చేయించేవారు ఒకరు, ముప్పు మోసేవారు మరొకరు కావడమే ఈ వ్యవహారంలోని అసలు అన్యాయం. ఇంటిలోని ప్రతి భాగస్వామి సంతకం, ఇంజనీరు ధ్రువపత్రం లేనిదే నేలమాళిగ పనికి అనుమతి ఇవ్వరాదన్న నియమాన్ని కచ్చితంగా పాటిస్తేగాని ఆ అన్యాయం తొలగదు. అంతవరకు మేస్త్రీ గునపం ఎత్తేముందు ఎవరో ఒకరు అడగవలసిన మాట ఒక్కటే ఉంది. 'ఈ గోడ మీద ఏముంది?' సమాధానం తెలిసేవరకు గునపం దించకూడదు.